ఎడమ రెక్క, కుడి రెక్క: బాల్సా పని నేర్పిన పాఠాలు

రేడియో కంట్రోల్ మోడల్ విమానానికి మోటారు కొనుక్కోవచ్చు, సర్వోలు కొనుక్కోవచ్చు, రేడియో సెట్టు కొనుక్కోవచ్చు. ఇప్పుడు ఫోముతో తయారైన రెక్కలూ బజార్లో దొరుకుతున్నాయి. అయినా ఒక్క రెక్కనైనా బాల్సాతో సొంతంగా కట్టినవాళ్లకే విమానం ఎందుకు ఎగురుతుందో, ఎందుకు పక్కకు ఒరుగుతుందో, ఎక్కడ విరుగుతుందో చేతికి తెలుస్తుంది. ఎన్‌సిసి ఎయిర్ వింగ్ క్యాడెట్లకూ, ఇంజనీరింగ్ విద్యార్థులకూ ఈ పని నేర్పుతూ వచ్చిన నాకు చివరికి తేలింది ఒక్కటే. రెక్క తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, నిజమే. అంతకన్నా ముందు ఎడమ సగమూ కుడి సగమూ ఒకే తీరుగా ఉండాలి. బరువులో, ఆకారంలో, మెలిలో తేడా రాకూడదు. కాస్త బరువెక్కిన రెక్కతో విమానం ఎగురుతుంది. రెండు సగాలూ రెండు తీర్లుగా ఉంటే, అది ఎంత తేలికైన రెక్కైనా సరే, ఎగరేసేవాడికి ఒక్క క్షణం కుదురు ఉండదు.

కింది పాఠాలన్నీ ఆ ఒక్క మాట నుంచి పుట్టినవే. లెక్కలకు వీలుగా ఒక మాదిరి రెక్క అనుకుందాం. ఈ చివరి నుంచి ఆ చివరికి 1500 మి.మీ., వెడల్పు 240 మి.మీ. మొత్తం విమానం బరువు 1.8 కిలోలు. రెక్క కోత ఆకారం క్లార్క్ వై. అమెరికా ఇంజనీరు వర్జీనియస్ క్లార్క్ 1922లో రూపొందించిన ఈ ఆకారం అడుగున ముప్పై శాతం నుంచి వెనక దాకా చదునుగా ఉంటుంది. అందుకే బల్ల మీద పెట్టి కట్టడానికి ఇంతకన్నా అనువైనది లేదు. దీని మందం వెడల్పులో 11.7 శాతం, అంటే మన రెక్కకు 28 మి.మీ.

1. కొనేముందు తూచండి

బాల్సా దక్షిణ, మధ్య అమెరికా అడవుల చెట్టు. ప్రపంచానికి ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. అయిదారేళ్లలోనే కోతకు వచ్చేంత వేగంగా పెరుగుతుంది కాబట్టే కలపలో అంత గాలి, అంత తేలిక. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ల మస్కిటో విమానం మొండెమంతా బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి చేసిందే. ఇవాళ పెద్ద గాలిమరల రెక్కల లోపల కూడా వాడుతున్నారు. మనకు ఇది దిగుమతి సరుకు, ఖరీదైన సరుకు. అందుకే ఏరి కొనాలి.

ఒకే కొలతల షీట్లు రెండు పక్కపక్కన పెడితే కంటికి ఒకటే. కాటా మీద పెడితే ఒకటి రెండో దానికి రెట్టింపు తూగవచ్చు. మీటరు పొడవు, 100 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న షీటు తీసుకోండి. దాని పరిమాణం 200 ఘనపు సెంటీమీటర్లు. అది 20 గ్రాములు తూగితే ఘనపు మీటరుకు 100 కిలోల రకం, చాలా తేలిక. 32 గ్రాములు తూగితే 160 కిలోల రకం, మధ్యస్థం. 40 గ్రాములు దాటితే గట్టి రకం. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు.

షీటు మీద పెన్సిలుతో బరువు రాసిపెట్టుకోండి. తేలిక రకం రెక్క చివరి రిబ్బులకూ (రెక్క కోత ఆకారంలో ఉండే పలకలు), పై షీటింగుకూ. మధ్యస్థం లోపలి రిబ్బులకూ, వెబ్బులకూ (ఇవేమిటో ఆరో పాఠంలో). గట్టి రకం ముందు అంచుకూ, వెనక అంచుకూ. అన్నిటికన్నా ముఖ్యం, ఎడమ రెక్కకు ఏ బరువు షీటు వాడారో కుడి రెక్కకూ అదే బరువు షీటు వాడండి. జత కుదరకపోతే ఒకే షీటును నిలువునా చీల్చి చెరో సగం ఇటూ అటూ పంచండి.

ఒకసారి ఒక క్యాడెట్ అమ్మాయి రెండు సగాలూ కాటా మీద పెట్టి, "సార్, ఎడమది పదహారు గ్రాములు ఎక్కువ తూగుతోంది. జిగురు ఎక్కువ పడిందంటారా?" అని అడిగింది. "జిగురు అంత తూగదమ్మా. షీట్ల మీద రాసుకున్న బరువులు చూడు" అన్నాను. కుడి పక్క షీటు 22 గ్రాములది, ఎడమ పక్క షీటు 36 గ్రాములది. జవాబు కలపలోనే ఉంది.

2. నారను చదవడం నేర్చుకోండి

బరువు ఒక్కటే చూస్తే చాలదు. దుంగను ఏ వైపు నుంచి కోశారో దాన్నిబట్టి షీటు గుణం మారుతుంది. మోడల్ కట్టేవాళ్లు దీన్ని ఎ గ్రెయిన్, బి గ్రెయిన్, సి గ్రెయిన్ అంటారు. ఎ రకం షీటు మీద పొడుగాటి సన్నని గీతలు కనిపిస్తాయి. రెండు అంచులూ పట్టుకుని అడ్డంగా వంచితే విరగకుండా గుండ్రంగా తిరుగుతుంది. సి రకం షీటు మీద చేప పొలుసుల్లాంటి మెరిసే మచ్చలుంటాయి. అడ్డంగా వంచబోతే ఒప్పుకోదు, బలవంతం చేస్తే ఫట్టున విరుగుతుంది. బి ఈ రెండింటికీ మధ్యది.

రిబ్బు వంగకూడదు, దానికి సి రకం. ముందు అంచు మీదుగా వంపు తిరిగి కప్పే షీటింగుకు ఎ రకం. చదునైన వెనక అంచు షీటుకు మళ్లీ సి రకం. ఇది తిరగేస్తే రిబ్బులు పాము మెలికలు తిరుగుతాయి, షీటింగు మధ్యలో పగులుతుంది. షీటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మచ్చలు చూడటం, అడ్డంగా మెల్లగా వంచి చూడటం అనే రెండు పరీక్షలు కొట్టులోనే చేసేయండి. షీటు పొడుగునా కన్ను పెట్టి చూస్తే అది తిన్నగా ఉందో, అరటాకులా వంపు తిరిగిందో కూడా తెలిసిపోతుంది.

3. బల్ల ఎలా ఉంటే రెక్క అలాగే వస్తుంది

రెక్క బల్ల మీద పుడుతుంది. బల్లలో మెలి ఉంటే రెక్కలో మెలి ఉంటుంది. తలుపుల షాపులో దొరికే ఫ్లష్ డోరు ఒకటి అడ్డంగా పరుచుకుని, దాని మీద నోటీసు బోర్డులకు వాడే సాఫ్ట్ బోర్డు వేసుకుంటే గుండుసూదులు సులువుగా దిగుతాయి.

బల్ల చదును రెండు విధాలుగా చూడాలి. పొడవాటి స్టీలు స్కేలును నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి కింద వెలుతురు దూరుతోందేమో చూడండి. తర్వాత నాలుగు మూలలా ఒకే మందం పుల్లలు పెట్టి, వాటి మీదుగా ఎదురెదురు మూలలకు రెండు దారాలు బిగించండి. మధ్యలో ఆ రెండు దారాలూ ఒకదాన్నొకటి కాస్త తాకుతూ ఉంటే మెలి లేదు. మధ్యలో సందు ఉన్నా, ఒకటి రెండో దాన్ని నొక్కుతున్నా బల్ల మెలి తిరిగిందని అర్థం. అప్పుడు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి సరిచేయాలి.

ప్లాను మీద పల్చటి పాలిథీన్ షీటు పరవండి, జిగురు అంటదు. చాలా ప్లానుల్లో ఒక సగం రెక్కే గీసి ఉంటుంది. కాగితానికి వెనక వైపు వంటనూనె పల్చగా రాస్తే గీతలు అవతలికి కనిపిస్తాయి, తిప్పి పెడితే రెండో సగం తయారు. పని మొదలుపెట్టే ముందే ప్రతి ముక్క మీదా "ఎ" అనో "కు" అనో రాసుకోండి. రెండు ఎడమ రెక్కలు కట్టి తలపట్టుకున్న విద్యార్థులు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

4. రిబ్బులన్నీ ఒక్క కట్టగా కోయండి

మన రెక్కలో 75 మి.మీ.కు ఒకటి చొప్పున సగానికి పదకొండు రిబ్బులు. విడివిడిగా కోస్తే పదకొండు ఆకారాలు వస్తాయి. ప్లైవుడ్డుతోనో, అల్యూమినియం రేకుతోనో కచ్చితమైన మాదిరి ముక్కలు రెండు చేసుకోండి. రెండు సగాలకూ కావలసిన ఇరవై రెండు బాల్సా ముక్కల్నీ కాస్త పెద్దగా కోసి, ఆ రెండు మాదిరి ముక్కల మధ్య దొంతరగా పేర్చి, రెండు సన్న బోల్టులతో బిగించండి. పొడవాటి సాండ్ పేపర్ చెక్కతో మాదిరి అంచు తగిలేదాకా రుద్దండి. రెక్క పొడుగునా సాగే దూలం లాంటి స్పారు కూర్చునే గాట్లు కూడా కట్ట విప్పకముందే కోయాలి. స్పారు ముక్కనే గాటులో పెట్టి చూస్తూ కోస్తే పట్టు సరిగ్గా కుదురుతుంది. వేలితో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే జారకూడదు.

లేజరుతో కోసిన కిట్లలో ఆకారం సమస్య ఉండదు. కలప సమస్య మాత్రం ఉంటుంది. ఆ రిబ్బుల్నీ తూచి, బరువైనవి మొదలు వైపుకూ, తేలికైనవి చివర వైపుకూ, రెండు సగాలకూ సమంగా పంచుకోండి.

5. స్పారు మోసే బరువు లెక్క వేసి చూడండి

బల్ల మీద పెట్టిన 6 మి.మీ. చదరపు పుల్లను చూసి దాని మీద ఎంత బరువు పడుతుందో ఎవరూ ఊహించరు. విమానం నిలకడగా ఎగురుతున్నప్పుడు రెక్క మోసేది 1.8 కిలోలు. కిందికి దూకుతున్న విమానాన్ని గట్టిగా పైకి లాగితే అది నాలుగు రెట్లు కావచ్చు, అంటే 7.2 కిలోలు. ఒక్కో సగానికి 3.6 కిలోలు. ఆ బలం సగం రెక్కకు నట్టనడుమ, మొదటి నుంచి 375 మి.మీ. దూరంలో పనిచేస్తుందనుకుందాం. 3.6ను 0.375తో గుణిస్తే మొదట్లో రెక్కను వంచే బలం 1.35 కిలోగ్రామ్-మీటర్లు.

దీన్ని ఎదుర్కొనేది పై స్పారు, కింది స్పారు. 28 మి.మీ. మందం రెక్కలో వాటి మధ్య దూరం సుమారు 22 మి.మీ. 1.35ను 0.022తో భాగిస్తే 61 కిలోలు. ఆ సన్న పుల్లల్లో పైదాన్ని 61 కిలోల బలం నొక్కుతుంది, కిందిదాన్ని 61 కిలోల బలం లాగుతుంది. అందుకే అక్కడ బాల్సా పెట్టం. స్ప్రూసో, ముడులు లేని పైన్ కలపో పెడతాం. నార ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా పోవాలి. మధ్యలో పక్కకు జారిపోయే నార ఉన్న పుల్లను ఎంత నున్నగా ఉన్నా పక్కన పెట్టేయాలి.

ఈ లెక్క ఇంకో రెండు సంగతులు చెబుతుంది. రెక్క మందం సగానికి తగ్గితే స్పారు మీద బలం రెట్టింపవుతుంది. సన్న రెక్కల స్పీడు విమానాలు విరిగేది అందుకే. రెండోది, మొదటి నుంచి సగం దూరం వెళ్లేసరికి వంచే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి బలమంతా మొదట్లో పెట్టాలి, చివర్లో బరువు తగ్గించాలి. చివర మిగిల్చిన ఒక్క గ్రాము మొదట్లో మిగిల్చిన చాలా గ్రాములకు సమానం. రెక్క ఇటూ అటూ చురుగ్గా ఒరగడానికి చివర్ల తేలికే కారణం.

6. వెబ్బు నార నిలువుగానే ఉండాలి

పై స్పారుకూ కింది స్పారుకూ మధ్య, రిబ్బుకూ రిబ్బుకూ నడుమ అతికించే బాల్సా పలకను షియర్ వెబ్ అంటారు. మనం వెబ్బు అనేస్తాం. దీని నార నిలువుగా, అంటే పై స్పారు నుంచి కింది స్పారుకు సాగాలి. పొడుగునా కోస్తే పని తొందరగా అవుతుంది కాబట్టి కొత్తవాళ్లు అలాగే కోస్తారు. అలా పెట్టిన వెబ్బు బరువు పడగానే నార వెంబడి పొడుగునా చీలుతుంది. దాంతో నొక్కుడు పడుతున్న పై స్పారుకు ఆసరా పోయి అది పక్కకు తొలగి విరుగుతుంది. గాలిలో రెక్క ముడుచుకుపోయిన విమానాల శకలాలు ఏరి చూస్తే చాలావాటిలో వెబ్బు లేకపోవడమో, ఉన్నా ఒక స్పారుకు జిగురు అందకపోవడమో కనిపిస్తుంది. వెబ్బు నాలుగు అంచులూ అతుక్కోవాలి. కొలిచి కోయాలే తప్ప, పొట్టిగా కోసి సందును జిగురుతో నింపకూడదు.

7. జిగురు తగ్గేకొద్దీ అతుకు గట్టిపడుతుంది

రెండు చెక్కలు సందు లేకుండా కలిస్తే సన్నటి జిగురు పొర చాలు. సందు ఉంటే ఎంత జిగురు పోసినా అది బరువే. పని వేగంగా సాగాలంటే క్షణాల్లో పట్టే సయనోఅక్రిలేట్ జిగురు, మనం ఫెవిక్విక్ రకం అంటామే, అది. పల్చటి రకం ముందే కలిపి పెట్టిన అతుకులోకి పాకుతుంది, చిక్కటి రకం చిన్న సందుల్ని పూడుస్తుంది. దాని ఆవిరి కళ్లకూ ముక్కుకూ పడదు. కిటికీ తీసి, ముఖం కాస్త ఎడంగా పెట్టుకుని పనిచేయండి.

తెల్ల జిగురులో నీళ్లుంటాయి. ఆ తడికి బాల్సా ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక వైపే రాస్తే షీటు ఆ వైపుకు లాగేస్తుంది. పైగా ఆరాక సాగే గుణం ఉంటుంది కాబట్టి సాండింగుకు లొంగదు. కార్పెంటర్లు వాడే పసుపు రంగు జిగురు ఈ రెండు విషయాల్లోనూ మేలు. ప్లైవుడ్డు, స్ప్రూసు కలిసే మొదటి అతుకుకు నెమ్మదిగా పట్టే ఎపాక్సీ, అంటే అరాల్డైట్ రకం.

గ్రాముల విలువ ఎంతో చెప్పడానికి అమెరికాకు చెందిన మేనార్డ్ హిల్‌ను మించిన ఉదాహరణ లేదు. చూపు బాగా మందగించిన వయసులో ఆయన కట్టిన బాల్సా మోడల్ 2003 ఆగస్టులో కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరం నుంచి బయలుదేరి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి, 38 గంటల 52 నిమిషాల తర్వాత ఐర్లండులో దిగింది. దూరం సుమారు 3,030 కిలోమీటర్లు. అంతకు ముందు పంపినవి గమ్యం చేరలేదు. రికార్డు నిబంధన ప్రకారం ఇంధనంతో సహా 5 కిలోలు మించకూడదు. కాబట్టి చెక్కలో, జిగురులో మిగిల్చిన ప్రతి గ్రామూ అంత ఇంధనంగా మారింది. దిగేసరికి ట్యాంకులో మిగిలింది అడుగంటిన చుక్కలే.

8. గొట్టం మూసేముందు మెలి చూసుకోండి

పాఠాలన్నిటిలోనూ ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. ముందు అంచు నుంచి స్పారు దాకా రెక్కకు పైనా కిందా 1.5 మి.మీ. షీటు కప్పుతాం. ఆ షీట్లూ, వెనక వెబ్బూ కలిసి డి ఆకారంలో మూసుకున్న గొట్టం అవుతుంది. దీన్ని డి బాక్స్ అంటారు. ఒక కాగితాన్ని గొట్టంగా చుట్టి అంచు అతికించి మెలిపెట్టి చూడండి, గట్టిగా ఎదురు నిలుస్తుంది. అతుకు విప్పి మళ్లీ మెలిపెడితే చేతికి ఏ అడ్డూ ఉండదు. రెక్కలోనూ అంతే. గొట్టం మూసేదాకా రెక్క మెత్తనిది, చెప్పినట్టు వింటుంది. మూసుకున్నాక ఆ క్షణంలో ఉన్న మెలి జన్మంతా ఉండిపోతుంది.

అందుకని మనకు కావలసిన మెలిని మనమే పెట్టి మూయాలి. రెక్క చివర వెనక అంచు, మొదటి దానికన్నా కాస్త పైకి లేచి ఉండటాన్ని వాషౌట్ అంటారు. దీనివల్ల వేగం బాగా తగ్గినప్పుడు ముందు మొదలు వైపు లిఫ్టు కోల్పోతుంది. చివర్లు ఇంకా పనిచేస్తుంటాయి కాబట్టి ఐలరాన్ల (విమానాన్ని ఇటూ అటూ ఒరిగించే వెనక అంచు పలకల) అదుపు నిలుస్తుంది. వాషౌట్ లేని రెక్కలో ఒక చివర ముందు స్టాల్ అయితే, అంటే లిఫ్టు కోల్పోతే, విమానం ఆ పక్కకు దబ్బున పడి గింగిరాలు కొడుతుంది. అది దిగేముందు, నేలకు దగ్గర్లోనే జరుగుతుంది.

240 మి.మీ. వెడల్పుకు 2 డిగ్రీలంటే వెనక అంచు 8 మి.మీ. పైకి. మొదట్లో సున్నా నుంచి చివర 8 మి.మీ. దాకా ఏటవాలుగా ఉండే పుల్లలు రెండు, ఒకే చెక్కలోంచి ఒకేసారి కోసుకోండి. వాటిని వెనక అంచు కింద పెట్టి రెక్కను బల్లకు గుండుసూదులతో బిగించండి. అడుగు షీటు ముందే వేసుకుని, పై షీటుతో గొట్టం మూయడం తేలిక. పై షీటుకు బయటి ముఖం మీద తడిగుడ్డతో తుడిస్తే అటు ఉబ్బి తనంతట తానే వంపు తిరుగుతుంది. అలా వంచి, ఆరనిచ్చి, అప్పుడు జిగురు పెట్టండి. ఐలరాన్ సర్వో వైరు పోయే కాగితపు గొట్టం లోపల ఉందో లేదో ఇప్పుడే చూడండి, తర్వాత చెయ్యి పట్టదు. షీటు పూర్తిగా ఆరేదాకా రెక్కను బల్ల మీది నుంచి కదపకండి. రాత్రికి పెట్టి తెల్లారి విప్పడం మంచిది.

ఎడమ చివర 8 మి.మీ., కుడి చివర 4 మి.మీ. వస్తే తేడా ఒక డిగ్రీ. అది చిన్న తేడా కాదు. ఆ విమానం ఎప్పుడూ ఎడమకు ఒరుగుతూనే ఉంటుంది. ఐలరాన్ ట్రిమ్ముతో సరిచేసినా ఒక వేగంలోనే కుదురుతుంది, వేగం మారితే మళ్లీ ఒరుగుతుంది.

9. రెండు సగాలూ కలిపే చోట మూలమట్టం దగ్గర పెట్టుకోండి

చివర్లు మధ్యకన్నా పైకి లేచి ఉండటాన్ని డైహెడ్రల్ అంటారు. ఐలరాన్లు ఉన్న శిక్షణ విమానానికి ఒక్కో వైపు 3 డిగ్రీలు బాగుంటుంది. ఒక సగాన్ని బల్లకు ఆనించి ఉంచి, రెండో సగం చివర కింద 78 మి.మీ. ఎత్తు దిమ్మ పెడితే అది వస్తుంది. మొదటి రిబ్బును అతికించేటప్పుడే ఆ 3 డిగ్రీల వాలు అట్టముక్కతో చూసి వంచి పెట్టాలి. తర్వాత సాండింగుతో వాలు తెస్తామంటే రిబ్బు అరిగిపోతుంది.

స్పార్లకు ముందూ వెనకా 3 మి.మీ. ప్లైవుడ్ బ్రేసులు పడాలి. అయిదో పాఠంలో లెక్క వేసిన 61 కిలోల బలం ఈ అతుకు గుండానే ఇటు నుంచి అటు దాటుతుంది. అయిదు నిమిషాల ఎపాక్సీ వాడి హడావుడి పడకండి. అరగంట రకం వాడితే ముందు అంచులు ఒకే గీతలో ఉన్నాయా అని నింపాదిగా చూసుకుని సర్దే వ్యవధి ఉంటుంది. అతుకు చుట్టూ ఫైబర్‌గ్లాస్ పట్టీ ఒకటి ఎపాక్సీతో తిప్పితే పని పూర్తి.

10. సాండింగ్ చేత్తో కాదు, చెక్కతో

వేళ్ల కింద సాండ్ పేపర్ పెట్టి రుద్దితే రిబ్బుల మధ్య గుంటలు పడతాయి. రెండు మూడు రిబ్బుల మీద ఒకేసారి ఆనేంత పొడుగు చెక్కకు పేపర్ అతికించి రుద్దండి. 150తో మొదలుపెట్టి 240, ఆపైన 320. ఆరిన జిగురు బాల్సాకన్నా చాలా గట్టిది. కారిన జిగురు మీద రుద్దితే జిగురు అలాగే ఉండి పక్క చెక్క అరిగిపోతుంది. అందుకే జిగురు బొట్లను ముందు బ్లేడుతో చెక్కేయాలి. ముందు అంచు గుండ్రదనం అట్టముక్క మాదిరితో రెండు సగాల్లోనూ పోల్చి చూడాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. బాల్సా పొడి చాలా సన్నం.

11. కవరింగ్ కూడా రెక్కను మెలిపెడుతుంది

వెనకటికి పల్చటి టిష్యూ కాగితం అంటించి డోప్ పూసేవాళ్లం. ఇప్పుడు వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ ఫిల్ము. అది ముడుచుకునేటప్పుడు లాగే బలం తక్కువేమీ కాదు. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వెళితే రెక్క ఆ వైపుకు తిరుగుతుంది. ముందు అడుగు, తర్వాత పైన, రెండింటి అంచులూ అంటించి, ఆ తర్వాత కాసేపు ఇటు, కాసేపు అటు బిగించుకుంటూ పోవాలి. ఇస్త్రీ వేడి ఎంతన్నది ఫిల్ము తయారీవాళ్లు రాసిన ప్రకారం పెట్టుకుని, ముందు పనికిరాని ముక్క మీద చూడండి.

మెలి చూడటానికి వడ్రంగుల పాత పద్ధతి ఉంది. ఒకే ఎత్తున్న తిన్నని పుల్లలు రెండు తీసుకుని ఒకటి రెక్క మొదట్లో, ఒకటి చివర్లో అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి ఒకదాని మీదుగా రెండో దాన్ని చూడండి. మొదటి పుల్లకూ రెండోదానికీ మధ్య ఎంత వాలు కనిపిస్తే అంత మెలి. ఎడమ, కుడి రెండూ ఒకే వాలు చూపాలి. తేడా ఉంటే ఒకరు రెక్కను వ్యతిరేక దిశలో మెలిపెట్టి పట్టుకోండి, ఇంకొకరు ఫిల్ముకు వేడి చూపండి. చల్లారేదాకా పట్టు వదలకండి.

విశాఖ, కాకినాడల్లో వానాకాలం గాలిలో ఉండే తేమను బాల్సా పీల్చుకుంటుంది. అలాంటి రోజుల్లో కట్టిన రెక్కను ఆరు బయట గాలికి వదలకుండా పొడి గదిలో రెండు రోజులు ఉంచి అప్పుడు కవర్ చేయండి. ఎండాకాలం మూసిన కారులో రెక్కను వదిలేస్తే ఫిల్ము వదులవుతుంది. మైదానానికి వెళ్లాక మొదటి పని పుల్లలు పెట్టి మెలి చూడటమే.

12. నేల మీదే తూకం తేల్చుకోండి

రెక్క బిగించిన విమానాన్ని ముక్కు మధ్యన ఒక వేలితో, తోక చివర ఒక వేలితో ఎత్తండి. ఏ రెక్క కిందికి దిగితే అది బరువు. మొదటి పాఠంలో చెప్పిన అమ్మాయి రెక్కలో తేడా 16 గ్రాములు. అది సగం రెక్కంతా పరుచుకుని ఉంది కాబట్టి ఎదుటి చివర 8 గ్రాముల సీసం ముక్క పెడితే సరిపోయింది. ముందు వెనకల తూకం, ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య నిలవాలి. మన 240 మి.మీ. రెక్కకు అది 60 నుంచి 80 మి.మీ. మొదటిసారి ఎగరేసేటప్పుడు 60కి దగ్గరగా ఉంచండి. ఐలరాన్లు కదిలిస్తే హింజిల దగ్గర లొడలొడ ఉండకూడదు. ఆ వదులే వేగంలో వణుకై ఐలరాన్‌ను ఊడగొడుతుంది.

తూకం తేలాక ఎగరేసే చోటు కూడా నేల మీదే తేల్చుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనలు వచ్చాక డిజిటల్ స్కై మ్యాపులో మీ మైదానం ఏ రంగులో ఉందో చూసుకోవడం ప్రతి ఒక్కరి బాధ్యత. విమానాశ్రయాలకు దూరంగా ఉన్న ఆకుపచ్చ జోనులో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. పసుపు, ఎరుపు జోనుల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. హైదరాబాదు చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాదుల్లో విమాన స్థావరాలున్నాయి. నగరంలో ఖాళీ స్థలం కనిపించిందని విమానం పైకి లేపడం ప్రమాదం. జనం లేని చోట, కంటికి ఆనేంత దూరంలోనే ఎగరేయండి. మొదటిసారి అనుభవమున్నవాళ్ల చేతికి ట్రాన్స్‌మిటర్ ఇవ్వండి.

ఇవి నాకు తెలిసిన పాఠాలు. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు ఒక మాట. ఫోము విమానంతో ఎగరేయడం నేర్చుకోండి, అందులో తప్పేమీ లేదు. నేర్చుకున్నాక ఒక్క రెక్క కట్టండి. కాటా, మూలమట్టం, స్టీలు స్కేలు, పదునైన బ్లేడు, నాలుగు షీట్లు, చదునైన బల్ల ఉంటే చాలు. తల్లిదండ్రులకూ, ఫిజిక్స్ చెప్పే మాస్టార్లకూ నా విన్నపం ఒకటే. పిల్లలకు ఇంట్లోనో, బడిలోనో ఒక చదునైన బల్ల ఇప్పించండి. కట్టడం మొదలయ్యాక దాన్ని కదపకుండా వారం రోజులు వాళ్లకే వదిలేయండి.